వెండితెర రాయలు, శిలాశాసనముల రాయలు

క్రిందటి సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునాడు తొమ్మిదవ తరగతి బాలురు 'మహామంత్రి తిమ్మరుసు' చిత్రములోని కథను చిన్న నాటకముగా ఆడిరి. ఆ చిత్రమును ఇంటిలోని ఫోనులలో పదిమార్లు చూచి, సంభాషణలు కంఠస్థము చేసిరి. అట్టముక్కలతో కిరీటములు కత్తిరించిరి. తల్లుల పట్టుచీరలు తెచ్చి తెరలు కట్టిరి. వృద్ధమంత్రి కన్నులు తీయుటకు రాజు ఆజ్ఞ ఇచ్చునప్పుడు ముందు వరుసలో కూర్చున్న తల్లులు కొంగులతో కన్నులొత్తుకొనిరి. రాకుమారునికి విషము పెట్టించినది గజపతి పక్షమువారని బయటపడినప్పుడు పిల్లలందరును చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి.

మరునాడు తెలుగు గంటలో ఒక బాలిక లేచి నిలుచున్నది. ఆమె పక్కింటి ఒడియా అమ్మాయి ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. నాటకమునకు తానే పిలిచి తీసికొని వచ్చినదట. ఆట ముగిసిన పిమ్మట ఆ పిల్ల ఒక్క మాటయు ఆడక ఇంటికి వెళ్ళిపోయినదట. ఆ అమ్మాయి చదువుకొన్న పాఠములలో ప్రతాపరుద్ర గజపతి పురీ జగన్నాథుని సేవకుడు, చైతన్య మహాప్రభువును ఆరాధించిన భక్తుడు. అట్టివాని ఇంటివారు ఆరేండ్ల పసివానికి విషము పెట్టిరని మన బాలురు ఆడుటయు, మనము చప్పట్లు కొట్టుటయు ఆ పిల్లకు ఎట్లుండునో మీరే ఊహింపుడు. మా విద్యార్థిని అడిగినది ఇది: గజపతివారు విషము పెట్టుట నిజమా? నిజమైనచో అది ఎక్కడ వ్రాసియున్నది? నిజము కానిచో మాస్టారు మాకు ముందుగా ఎందుకు చెప్పలేదు?

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగున నున్న ఆంధ్రప్రదేశములో. భువనవిజయమును, అష్టదిగ్గజములను, ఆముక్తమాల్యదను అక్కడ మాకు శ్రద్ధగా బోధించిరి. కాని ఈ ప్రశ్నను అక్కడ ఎవరును వేయలేదు. ఆ తరగతి గదిలో గజపతిని మావాడు అనుకొనువారు ఒక్కరును లేరు గదా! బాలికకు అప్పటికప్పుడు సమాధానము చెప్పలేక, చదివి చెప్పెదమని మాట ఇచ్చితిమి. వేసవి సెలవులు ఆ పనికే సరిపోయినవి. రాయల చరిత్రను మొదటి నుండి మరల చదివి, రాతిమీద నున్న మాట ఏది, పరదేశి విని వ్రాసిన మాట ఏది, సినిమావారు కల్పించిన మాట ఏది అని వేరుచేసి ఇక్కడ వ్రాయుచున్నాము.

శ్రీకృష్ణదేవరాయలు తుళువ వంశజుడు. తండ్రి నరసానాయకుడు సాళువ రాజుల సేనాపతియై, రాజ్యభారమంతయు తానే మోసినవాడు. తల్లి నాగలాంబ. సవతి అన్నయగు వీరనరసింహరాయలు ఈయనకు ముందు ఏలెను. 1509లో అన్న మరణింపగా కృష్ణరాయలు రాజయ్యెను. హంపి విరూపాక్షాలయములో 1510 నాటి శాసనమొకటి కలదు. పట్టాభిషేక మహోత్సవ సందర్భమున రంగమంటపమును, గోపురమును కట్టించినట్లు అందున్నది. ఆ మంటపము నేటికిని నిలిచియున్నది. ఇంతవరకు రాతిమీది మాట.

ఈ పట్టాభిషేకము వెనుక నున్న కథ సినిమా చూచినవారికందరికిని తెలియును. అవసానదశలో నున్న వీరనరసింహుడు, తన చిన్న కుమారునికి రాజ్యము దక్కవలెనని తలచి, తమ్ముని కన్నులు తీయించి తెచ్చి చూపుమని మంత్రి సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు మేక కన్నులు తెచ్చి చూపి, కృష్ణరాయలను దాచి కాపాడెనట. ఈ కథను వ్రాసినవాడు న్యూనిజ్ అను పోర్చుగీసు గుర్రముల వర్తకుడు. అతడు విజయనగరములో నుండినది ఇంచుమించు 1535-37 ప్రాంతమున. అప్పటికి వీరనరసింహుడు పోయి పాతికేండ్లు దాటినది. కృష్ణరాయలు పోయియు ఆరేడేండ్లయినది. గుర్రముల బేరమునకు వచ్చినవాడు రాజధానిలో జనులు చెప్పుకొను మాట విని వ్రాసికొనెను. విన్నది విన్నట్లే వ్రాసెనని మా నమ్మకము. కాని జనుల నోట తిరుగు కథకు ఒక అలవాటు కలదు. మొదట కనబడిన వస్తువును అది చివర మరల తెచ్చి చూపును. మొదట తిమ్మరుసు రాయల కన్నులను కాపాడెను. చివర రాయలు తిమ్మరుసు కన్నులను తీయించెను. ఇంత చక్కగా కుదిరిన కథను చూచినప్పుడు మాకు కొంచెము అనుమానము కలుగును. సినిమావారికి మాత్రము అనుమానము కాదు, ఆనందము కలుగును.

రాయలను కన్నులార చూచి వ్రాసిన పరదేశి మరియొకడు కలడు. అతని పేరు డొమింగో పేస్. అతడును పోర్చుగీసువాడే. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చెను. వీరిద్దరి వ్రాతలను 1900లో రాబర్ట్ సూయెల్ అను ఆంగ్ల అధికారి తన విజయనగర చరిత్రలో ఇంగ్లీషున ప్రకటించెను. పేస్ చెప్పిన రాయలు మధ్యరకము పొడగరి. చామనచాయకంటె తెల్లనివాడు. సన్నగా నుండుటకంటె కొంచెము స్థూలముగానే యుండువాడు. ముఖముమీద మశూచికపు మచ్చలు కలవు. మనము తెరమీద చూచినది నందమూరి తారక రామారావుగారి నున్నని ముఖము గనుక ఈ మాట వినగానే పిల్లలు నొచ్చుకొందురు. మాకు మాత్రము ఆ మచ్చలవలననే రాయలు బ్రతికియున్న మనుష్యుడుగా తోచును. చిన్ననాడు ఎన్ని రాత్రులు ఆ జ్వరములో మూలిగెనో, తల్లి నాగలాంబ ఎన్ని రాత్రులు వేపమండలతో విసరుచు కూర్చున్నదో మనకు తెలియదు. ఏ చిత్రములోను ఆ దృశ్యము లేదు.

ఆయన దినచర్యయు పేస్ వ్రాసియుంచెను. తెల్లవారకముందే లేచి గిన్నెడు నువ్వులనూనె త్రాగును. ఒడలంతయు ఆ నూనెయే పట్టించుకొనును. చిన్న గోచి బిగించి, బరువైన మట్టి గుండ్లు ఎత్తును. త్రాగిన నూనెయంతయు చెమటయై కారిపోవువరకు కత్తి త్రిప్పును. పిమ్మట మల్లునితో కుస్తీ పట్టును. అటుపైన గుర్రమెక్కి తెల్లవారువరకు మైదానములో పరుగు తీయించును. స్నానము, దేవపూజ ముగిసిన తరువాతనే రాజకార్యము. ఈ పాఠము చెప్పిన వారమున ఏడవ తరగతి బాలుడొకడు ఇంటిలో నువ్వులనూనె సీసా ఎత్తెననియు, తల్లి చూచి లాగుకొనెననియు తెలిసినది. మల్లుడును, గుర్రమును లేనిదే నూనె పనికిరాదని వానికి నచ్చజెప్పితిమి.

ఇక అంతఃపురము. రాయలకు పండ్రెండుగురు భార్యలనియు, వారిలో ముగ్గురు ముఖ్యులనియు పేస్ వ్రాసెను. ఒకామె శ్రీరంగపట్టణపు రాజకుమార్తె. ఒకామె గజపతి కుమార్తె. మూడవ ఆమె వేశ్యాకులమున పుట్టినది. రాయలు రాజు కాకమునుపు ఆమెకు ఇచ్చిన మాటను రాజైన తరువాత మరువక పెండ్లాడెనట. మన పెద్దలు వీరిలో మొదటి ఆమెను తిరుమలదేవి యనియు, మూడవ ఆమెను చిన్నాదేవి యనియు గుర్తింతురు. రాణులుండు చోటికి పరపురుషుడు పోరాదు. వారు బయటికి వచ్చినను మూసిన పల్లకీలలోనే వత్తురు. కావున రాణులను గూర్చి పేస్ చెప్పినదంతయు విన్నదే గాని చూచినది కాదు. విన్నప్పుడు పొరపాటును కలుగును. నేటి హోసపేట రాయలు కట్టించిన కొత్త పట్టణము. రాయలు దానిని ఒక భార్యమీది ప్రేమచే కట్టించి ఆమె పేరే పెట్టెనని పేస్ వినెను. ఆ పట్టణపు పేరు నాగలాపురము. నాగల యనునది రాయల తల్లి పేరు. తల్లి పేరిట కట్టిన ఊరు పరదేశి చెవికి చేరునప్పటికి ప్రియురాలి పేరిట కట్టిన ఊరైనది. ఇరువదవ శతాబ్దములో కెమెరా పోయి నిలిచినది పేస్ అడుగు పెట్టలేకపోయిన ఆ మందిరములలోనే.

రాణులను నిజముగా చూడదలచినవారు తిరుమల పోవలెను. రాయలు ఆ కొండకు మొదటిసారి వచ్చినది 1513లో. మొత్తము ఏడుసార్లు వచ్చెను. మొదటి రాకలో స్వామికి రత్నకిరీటమును, కర్పూరహారతికై 25 వెండి పళ్ళెములను సమర్పించెను. రాణులిద్దరును పాలు ఆరగింపునకు చెరియొక బంగారు గిన్నె ఇచ్చిరి. దేవాలయ ద్వారము దాటగానే చేతులు జోడించి నిలిచిన రాయల రాగి విగ్రహమును, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహములును నేటికిని కలవు. పేర్లు వానిమీదనే చెక్కియున్నవి. వేశ్యాకులమున పుట్టినదని పరదేశి చెప్పిన చిన్నాదేవి రాజపుత్రికతో సమానముగా అక్కడ నిలిచియున్నది. ఇద్దరి ఎత్తులోను హెచ్చుతగ్గులు మాకు కనబడలేదు. సవతుల కలహము ఏదైన నుండెనేమో, రాగి చెప్పదు.

మా బాలిక ప్రశ్నకు సంబంధించిన భాగము ఇప్పుడు వచ్చుచున్నది. 1513లో రాయలు గజపతిమీద యుద్ధమునకు బయలుదేరెను. ఉదయగిరి దుర్గము చాలకాలము లొంగలేదు. 1514లో అది చిక్కినది. అక్కడి బాలకృష్ణుని విగ్రహమును రాయలు హంపికి తెచ్చి గుడి కట్టించెను. తిరుమలకు పోయి 30,000 బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేయించెను. 1515లో కొండవీడు పడినది. గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడెను. ఆ మీద కొండపల్లి, రాజమహేంద్రవరము దాటి, 1516 నాటికి రాయలు సింహాచలములో నుండెను. తల్లిదండ్రుల పుణ్యమునకై 991 ముత్యముల హారమును అప్పన్నకు సమర్పించినట్లు అక్కడి శాసనము చెప్పుచున్నది. పొట్నూరులో జయస్తంభము నాటించెను.

వీరభద్రుని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పట్టుబడిన ఆ రాకుమారుని కత్తిసాము చూపుమని రాయలు కోరి, తక్కువ కులమువానిని ఎదుట నిలుపగా, ఆ అవమానము సహింపక ప్రాణము తీసికొనెనని న్యూనిజ్ వ్రాసెను. కన్నీరు తెప్పించు కథ. కాని నేటి కర్ణాటకములోని దావణగెరె ప్రాంతమున 1516 నాటి శాసనమొకటి దొరకినది. కొండవీడు పడిన మరుసటి ఏడు వీరభద్ర గజపతి రాయల క్రింద మలెబెన్నూరు సీమకు అధికారిగా నున్నట్లు అందున్నది. ఆయన అక్కడ చేసిన పని పెండ్లి సుంకమును మాన్పుట. ఆ పుణ్యము తన తండ్రి ప్రతాపరుద్రునికిని, రాయలకును చెందవలెనని వ్రాయించెను. తండ్రిని గెలిచినవానికిని తండ్రికిని ఒకే శిలమీద పుణ్యము పంచిన ఈ యువకుడు మాకు క్రొత్తవాడు. ఇన్నేండ్లు పాఠములు చెప్పియు ఈయనను మేమెరుగము. ఏ చిత్రములోను ఈయన ఇట్లు కనబడలేదు.

యుద్ధము సంధితో ముగిసినది. గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి పెండ్లి చేసెను. రాయలు కృష్ణానదికి ఉత్తరమున గెలిచిన సీమలను మామగారికి తిరిగి ఇచ్చివేసెను. ఆ పెండ్లికుమార్తె పేరేమి? ఒకచోట జగన్మోహిని. ఒకచోట తుక్కాదేవి. సినిమాలో అన్నపూర్ణాదేవి. భర్త ఆదరింపక పోగా కంభములో ఒంటరిగా కాలము గడపి, తన దుఃఖమును అయిదు సంస్కృత శ్లోకములుగా చెప్పుకొన్నదని తుక్కాదేవినిగూర్చి ఐతిహ్యము. ఆమె తన పుట్టినింటివారి పనుపున భర్తను చంపింపజూచెనని మరియొక ఐతిహ్యము. రెండు రాజ్యముల మధ్య శాంతికి తన జీవితమును ఇచ్చిన ఆడపిల్ల పేరైనను మనము సరిగా నిలుపుకొనలేదు. అనుమానమును మాత్రము భద్రముగా నిలుపుకొంటిమి.

రాజుల ఇంటి సంగతులను కథలల్లుట సినిమావారితో మొదలు కాలేదని ఇక్కడ చెప్పవలెను. నంది తిమ్మన తన పారిజాతాపహరణమును రాయలకు అంకితమిచ్చెను. అందు కోపించిన సత్యభామ, కాళ్ళమీద పడిన కృష్ణుని తలను ఎడమకాలితో తన్నును. దీనికి మన పెద్దలు చెప్పు కథ ఏమనగా, తిరుమలదేవి ఒకనాడు రాయల చిత్తరువువైపు కాళ్ళు చాచి నిద్రించినదట. రాయలు చూచి అలిగి ఆమె మందిరమునకు పోవుట మానెనట. పుట్టినింటి నుండి ఆమెతో అరణముగా వచ్చిన తిమ్మన, దేవుడే తన్నులు తిని సంతోషించినాడని కావ్యము వ్రాసి దంపతులను కలిపెనట. కావ్యములో ఈ కథ లేదు. దానిని చదివినవారు కల్పించినదే. అయినను దీనివలన ఎవరికిని కీడు లేదు. ఇట్టి కథలను మేమును తరగతిలో చెప్పుదుము.

ఆముక్తమాల్యదలో రాయలు తన అంతఃపురమును గూర్చి చెప్పలేదు. విష్ణుచిత్తుని కుమార్తె గోదాదేవి శ్రీరంగనాథునికై పడిన విరహమును చెప్పెను. కళింగ యాత్రలో శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి ఆనతిచ్చుటచే వ్రాసితినని పీఠికలో చెప్పుకొనెను. నాలుగవ ఆశ్వాసములో యామునాచార్యుడు రాజ్యము విడిచి పోవుచు కుమారునికి రాజనీతి బోధించును. కోటలను ఎవరికి అప్పగింపవలెను, మంత్రిని ఎంతవరకు నమ్మవలెను, పన్ను ఎంత తీయవలెను అని ఒక తండ్రి కొడుకునకు చెప్పు ఆ పద్యములు పదవ తరగతివారికి చెప్పునప్పుడెల్ల, రాయల కొడుకు సంగతి మాకు జ్ఞాపకము వచ్చి పాఠము ఆగును.

సినిమాలలో మూడింటిని గూర్చి చెప్పెదము. 1951లో బి.ఎన్. రెడ్డిగారు తీసిన 'మల్లీశ్వరి'కి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలు, పాటలు వ్రాసిరి. మారువేషమున వచ్చిన రాయలతో ఒక పల్లె యువకుడు ఆడిన పరిహాసము నిజమై, అతని మరదలు రాణివాసములో చిక్కుకొనును. ఆ బావయు, మరదలును కల్పిత పాత్రలే. కనుక చచ్చినవారి ఎవరిమీదను నింద పడదు. మాకు ఈ మూడింటిలో ఇదియే ఎక్కువ ఇష్టము. 1956లో బి.ఎస్. రంగాగారు తీసిన 'తెనాలి రామకృష్ణ'లో రాయలు కృష్ణసాని యను వేశ్య మోహములో రాజ్యమును మరచును. ఆమె సుల్తానులు పంపిన గూఢచారిణి. 1962లో కమలాకర కామేశ్వరరావుగారు తీసిన 'మహామంత్రి తిమ్మరుసు' ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమానము పొందినది. తిమ్మరుసుగా గుమ్మడిగారి నటనను మించినది మేము చూడలేదు. ఈ మూడు చిత్రముల తరువాత 1970లో కన్నడమున రాజ్‌కుమార్‌గారు రాయలుగా వచ్చిరి. కన్నడ రాజ్య రమారమణుడను బిరుదు గల రాజును వారు తమవాడనుట న్యాయమే.

ఈ చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మాకు ఒక సంగతి తెలిసివచ్చినది. కథానాయకుడు రాజు. అతడు తప్పు చేయరాదు. మంత్రి తండ్రివంటివాడు. అతడును తప్పు చేయరాదు. కాని మూడు గంటల కథకు తప్పు చేసినవాడొకడు కావలెను. అప్పుడు ఆ తప్పు సరిహద్దు దాటిపోయి, ఒకసారి సుల్తానుమీద, ఒకసారి గజపతిమీద పడును. చూచువారిలో అతడు నావాడని లేచి చెప్పువాడు ఎవడును ఉండడని తీసినవారి ధైర్యము. మద్రాసులోనో, విజయవాడలోనో ఆ ధైర్యము సరిపోవును. మా ఊరిలో సరిపోదు. ఇక్కడ గోడకు ఆవల అతనిని తమవాడనువారున్నారు.

అవతలివారును ఇట్టి పని చేయకపోలేదు. ప్రతాపరుద్రుని తండ్రి పురుషోత్తమదేవుడు 1467 నుండి 1497 వరకు ఏలెను. ఆయన కథయగు కాంచీ కావేరిని మన పిల్లలును ఒడియా స్నేహితుల వద్ద వినియుందురు. కాంచీరాజు తన కూతురు పద్మావతిని ఇయ్యనని, రథము ముందు చీపురు పట్టి ఊడ్చువానికి పిల్లనిత్తునా అని అవమానించెనట. పురుషోత్తముడు కాంచిని గెలిచి, ఆ పిల్లను ఊడ్చువానికే కట్టబెట్టుమని మంత్రిని ఆజ్ఞాపించెనట. మంత్రి ఆమెను తన యింట దాచి, రథయాత్రనాడు రాజు బంగారు చీపురు పట్టినప్పుడు తెచ్చి ఆయనకే అప్పగించెనట. రామశంకర రాయ్ 1880లో దీనిని నాటకముగా వ్రాసెను. ఈ కథలోని గర్విష్ఠి దక్షిణాది రాజు. మరియొకటి చూడుడు. రాజు క్రూరమైన ఆజ్ఞ ఇచ్చుట, మంత్రి ఆజ్ఞను పాటించినట్లు నటించి ఒక ప్రాణమును కాపాడుట ఆ కథలోను ఉన్నది, మేక కన్నుల కథలోను ఉన్నది. ఎవరు ఎవరినుండి నేర్చిరో గాని, రెండు దేశములవారును మంచి మంత్రిని ఒకే విధముగా కలగనిరి.

ఇక విషము సంగతి. రాయలు 1520లో రాయచూరు యుద్ధమున ఆదిల్‌షాను ఓడించి కీర్తిశిఖరమున నుండెను. తిరుమలరాయలను కుమారుడు కలిగెను. ఆ బాలునికి ఆరేండ్లు రాగానే, 1524లో, రాయలు వానిని సింహాసనముపై కూర్చుండబెట్టెను. ఆ యేటి శాసనములు కొన్నింటిలో ఆ పసివాని పేరు రాజుగా కనబడును. ఉత్సవములు ఎనిమిది నెలలు సాగినవనియు, ఆ నడుమనే బాలుడు జబ్బుపడి చనిపోయెననియు న్యూనిజ్ వ్రాసెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టెనని రాయలకు ఎవరో చెప్పిరి. రాయలు నమ్మెను. తిమ్మరుసును, కుమారులను సభలో నిలదీసి చెరలో పెట్టించెను. కొన్నాళ్ళకు కొడుకొకడు తప్పించుకొని పోయి తిరుగుబాటు చేసెను. అతడు మరల పట్టుబడగా, బ్రాహ్మణుని చంపరాదు గనుక, తండ్రికిని కొడుకులకును కన్నులు తీయించెను.

విద్యార్థులారా, ఇక్కడ నిదానముగా చదువుడు. ఈ మరణమును గూర్చి ఆ కాలమునకు దగ్గరగా నుండి వివరముగా వ్రాసినవాడు న్యూనిజ్. అతని వ్రాతలో విషము సంగతియందు గజపతి పేరు లేదు. గజపతి కుమార్తె పేరు లేదు. కళింగమునుండి వచ్చినవాడు ఒక్కడును లేడు. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టుటను చూచితినని గాని, అది నిశ్చయమని గాని అతడు చెప్పలేదు. రాయలు అట్లు విని నమ్మెననియే చెప్పెను. ఆరేండ్ల బిడ్డ జ్వరము తగిలి పోవుట ఆ దినములలో ఏ ఇంటనైనను జరుగునదే. మశూచిక మచ్చలు మోసిన తండ్రికి ఆ సంగతి తెలియకపోదు. కాని తెలిసినను, బిడ్డ శవము ముందు కూర్చున్న తండ్రికి ఎవరో ఒకరు చేసిన పనియని వినుటయే కొంత ఊరటయై యుండును. ఇది మా ఊహ. శాసనము కాదు. దీనిని పరీక్షలో వ్రాయవలదు.

తిమ్మరుసు ఆ చెరలో ఎన్నాళ్ళున్నాడో, చివర రాయలు పశ్చాత్తాపపడెనో లేదో, తెరమీద మనము చూచి ఏడ్చిన ఆ కౌగిలింత జరిగెనో లేదో చెప్పు రాయి ఏదియు మాకు దొరకలేదు. రాయలు 1529లో మరణించెను. ఏ దినమున అనుట చాలకాలము తెలియలేదు. కర్ణాటకములోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో వెలుగు చూచిన కన్నడ శాసనమువలన 2021లో ఆ సంగతి బయటపడినది. ఆ దినము 1529 అక్టోబరు 17. తుమకూరు ఆంజనేయస్వామి పూజకై ఒక గ్రామమును ఇచ్చు సందర్భమున రాజు పోయిన దినమును అందు చెక్కిరి. ఆయన వెనుక సవతి సోదరుడు అచ్యుతదేవరాయలు రాజయ్యెను.

సెలవులు ముగిసి బడి తెరవగానే మా బాలికకు ఈ సంగతులన్నియు చెప్పితిమి. ఆమె వినినంతసేపు విని, అట్లయిన తిమ్మరుసు కొడుకుమీది నిందయు నిశ్చయము కాదు గదా అని అడిగినది. కాదని ఒప్పుకొంటిమి. వార్షికోత్సవములో మేమును చప్పట్లు కొట్టితిమన్న మాట కూడ ఆమె యెదుట ఒప్పుకొంటిమి. నాటకమాడిన బాలురు కొందరు, విషము పెట్టినవాడు లేనిచో నాటకమెట్లు ముగియునని మామీద కోపించిరి. వారి కోపములోను న్యాయమున్నది. బిడ్డ పోయెను, కారణము తెలియదు అని తెర దింపినచో చప్పట్లు కొట్టువారుండరు. ఈ సంవత్సరము వారే క్రొత్తగా వ్రాయుచున్నారు. ముగింపు ఇంకను కుదరలేదు.

నవంబరులో ముప్పదిమంది పిల్లలను సింహాచలము తీసికొని పోయితిమి. మా బాలిక తన స్నేహితురాలిని వెంట తెచ్చినది. వారి ఇంటివారు పంపుదురో పంపరో యని మేము సందేహించితిమి. పులిహోర డబ్బాతో సహా పంపిరి. అప్పన్న గుడి గోడలమీదను, స్తంభములమీదను వందలకొలది శాసనములు కలవు. చాలవరకు తెలుగువి, కొన్ని ఒడియావి. మా బాలికకు ఆ పాత తెలుగు లిపిలో క, ర, న వంటి నాలుగైదు అక్షరములు మాత్రమే పట్టుబడినవి. ఒడియా శాసనము దగ్గర ఆ రెండవ పిల్లకును అంతే. ఇద్దరును కాగితముమీద వానిని ఎక్కించుకొనుచుండగా క్రింద బస్సు బయలుదేరు వేళయైనదని డ్రైవరు కేకవేసెను.